వెనక్కి తోలే ఎల్లప్ప

నేను పెనుకొండలో షామియానాలు, మైకుసెట్టు అద్దెకిస్తాను. పేరు చంద్రశేఖర్ గానీ, ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఎవరినడిగినా మైకు శేఖర్ అంటేనే గుర్తుపడతారు. ముప్పై ఏళ్ళుగా మైకు నా చేతిలోనే ఉంది. నాకు ముక్కు మీద కోపం, నోటి నిండా మాటలు. ఈ రెండింటివల్ల చెడినంత నేను ఇంకెందువల్లా చెడలేదు. అయినా ఎల్లప్ప సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. చెప్పాల్సినప్పుడు చెప్పనివాణ్ణి కూడా నేనే.

కార్ల రేసులు టీవీలో మీరు చూసే ఉంటారు. అందరూ ముందుకే పోతారు. అదేం గొప్పండీ? ముందుకు ఎవడైనా పోతాడు! మా దగ్గర పోటీ అంటే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి వెనక్కి తోలాలి. రెండు వందల మీటర్ల దారి, రెండువైపులా సున్నపు గీతలు, నడుమ ఒక మలుపు. చివర జెండాలు గుచ్చిన గూడు ఉంటుంది, ట్రాలీని అందులో దూర్చి ఆపాలి. ఒక్క జెండా పడితే ఐదు సెకన్లు కలుపుతారు. ఎవరి టైము తక్కువైతే షీల్డు వాళ్ళది. తోలి చూడండి తెలుస్తుంది. మీరు స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. సరిచేద్దామని ఇంకొంచెం తిప్పితే ట్రాక్టరూ ట్రాలీ అత్తాకోడళ్ళలా చెరో పక్కకు మొహం తిప్పుకుంటాయి. ఇక అంతే.

ఈ విద్యలో మా మూడు ఊళ్ళ నడుమ మొనగాడు ఎల్లప్ప.

కనగానపల్లి దగ్గరి పల్లె ఆయనది. అమ్మానాన్నలు కూలి పని చేసేవాళ్ళు. పదహారేళ్ళకే రంగప్ప ఇంట్లో పనికి కుదిరాడు. రంగప్పది తాతల కాలం నుంచి సేద్యం చేస్తున్న కుటుంబం, వేరుశనగ, చింతతోపులు బాగా ఉన్నాయి. ఎల్లప్పకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి రంగప్ప ట్రాక్టరు తాళం ఆయన చేతిలో పెట్టాడు. ఆ తాళంతో ఎల్లప్ప మొదట వెళ్ళింది హిందూపురం చింతపండు మార్కెట్టుకు. సీజనులో ఆ సందుల్లో లారీలు, బండ్లు, హమాలీలు, బస్తాలు. దూరడానికే దారి ఉంటుంది, తిరగడానికి ఉండదు. బస్తాలు దించాక అంత పొడుగు సందూ వెనక్కే రావాలి. మొదటి ఏడాది గోడలు గీకి, తిట్లు తిని, అద్దం పగలగొట్టుకుని నేర్చుకున్నాడు. రెండో ఏడాదికి హమాలీలు పని ఆపి నిలబడి చూసేవాళ్ళట.

ఆయన తోలే పద్ధతి వేరు. అందరూ ట్రాలీ మూలలు చూస్తూ తోలుతారు. ఎల్లప్ప ఎడమ చెయ్యి మడ్‌గార్డు మీద వేసి, గడ్డం కుడిభుజానికి ఆనించి, వింటాడు. ట్రాక్టరునూ ట్రాలీనీ కలిపే ఇనుప పిన్ను ఉంటుందే, దాని చప్పుడు వింటాడు. ట్రాలీ పక్కకు తిరగబోయే ముందు ఆ పిన్ను టక్కుమంటుందట. "కంటికి కనపడేతలికి ఆలస్యమైపోతాది సారూ, పిన్ను ముందే చెప్తాది" అన్నాడు ఒకసారి. ఆ మాట విని నేను అబ్బురపడ్డాను. పేరు మాత్రం అడగలేదు.

ఔను, అడగలేదు. ఎందుకడగలేదో చెబుతాను. మా దగ్గర ఈ ట్రాక్టరు పోటీల కంటే ముందు ఎద్దులతో బండలాగుడు పోటీలు ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. అందులో మైకులో ఎద్దుల పేరు చదువుతాం, ఎద్దుల యజమాని పేరు చదువుతాం. ముల్లుగర్ర పట్టుకుని పరిగెత్తేవాడి పేరు చదవం. ట్రాక్టర్లు వచ్చినా అదే ఆచారం. "రంగప్పగారి బండి ఫస్ట్!" అని నేను అరుస్తాను. రంగప్ప వచ్చి షీల్డు తీసుకుంటాడు, బండి పక్కన నిలబడి ఫోటో దిగుతాడు. ఎల్లప్ప ఇంజను ఆపి, తలపాగాతో మెడ తుడుచుకుంటూ టీకొట్టుకు పోతాడు. తొమ్మిదేళ్ళు ఇదే తంతు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో, పెనుకొండ పోటీకి ముందురోజు మధ్యాహ్నం, మా అంగడికి ఒక అమ్మాయి వచ్చింది. బడి యూనిఫారంలో ఉంది. పెళ్ళి షామియానా బుక్ చేసుకోవడానికి ఎవరో పంపారనుకున్నాను.

"ఏం కావాలమ్మా? ఫంక్షనా?"

"ఫంక్షన్ కాదు సార్. ఒగ మాట అడగాల." పేపరు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. రంగప్ప షీల్డుతో నవ్వుతున్న ఫోటో. "ఈ బండి తోలింది ఎవురు సార్?"

"రంగప్ప డ్రైవరు."

"ఆయప్పకు పేరు ల్యాదా?"

"ఎందుకుండదమ్మా, ఉంటాది."

"ఏమి పేరు?"

నేను నోరు తెరిచాను. నా జ్ఞాపకశక్తి గురించి నేను ఎన్ని గొప్పలు కొట్టుకున్నానో ఈ ఊరికి తెలుసు. ఏ ఏడాది ఏ ఊళ్ళో ఎవరికి రెండో బహుమతి వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఎల్లప్ప, సార్. మా నాయన పేరు ఎల్లప్ప. నేను రోజా."

చెప్పుతో కొట్టినట్టయింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ధర్మవరంలో హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. మా నాయన ఛాంపియన్ అని క్లాసులో చెప్పుకుంది. మరుసటి వారం ఎవరో ఈ పేపరు తెచ్చారు. ఫోటోలో రంగప్ప, పేరు రంగప్పది.

"'ఏమే, రంగప్పేనా మీ నాయన?' అని నగిరి సార్. ఆ పొద్దు నుంచి నన్ను అట్లే పిలుస్తాండారు, రంగప్ప కూతురా అని. మా నాయన బతికుండంగానే నాకు ఇంగొగ నాయన్ను కట్టబెట్టిరి." "రేపు మా క్లాసు పిల్లోళ్ళు ఇద్దరు చూసేకి వస్తాండారు. మైకులో మా నాయన పేరు వస్తే బడికి పోతా. ల్యాకుంటే పోను."

"పరీక్షలు నెల కూడా లేవు కదమ్మా!"

"పోను సార్."

"మీ నాయనకు చెప్పినావా?"

"తెలిస్తే పోటీకే రాడు."

ఆ పిల్ల వెళ్ళిపోయాక నాకు అన్నం సయించలేదు. సరే, రేపు చదివేద్దాం, ఒక పేరేగా, ఎవడు కాదంటాడు అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

మరునాడు కొండ కింద చేను జనంతో కిటకిటలాడింది. వెయ్యిమందికి తక్కువ లేరు. బుక్కపట్నం నుంచి, మడకశిర నుంచి బండ్లు వచ్చాయి. అక్కడ కరెంటు లేదు. షామియానా సామాను ట్రాలీలో వేసుకొచ్చే నా పాత ట్రాక్టరు ఇంజనుకే జనరేటరు తగిలించి మైకు నడుపుతాను. ఇంజను తిరిగితేనే నా గొంతు. నాలుగు వైపులా నాలుగు మైకు హారన్లు కట్టాను. కార్డ్‌లెస్ మైకు చొక్కాకు తగిలించుకుని రంగప్ప దగ్గరికి వెళ్ళాను. ఆయన బండికి బంతిపూల దండలు వేయిస్తున్నాడు.

"రంగప్పన్నా, ఈ పొద్దు మైకులో నీ పేరుతోపాటు డ్రైవరు పేరు కూడా చదువుతా."

"యాలప్పా? ఎప్పుడూ లేంది."

"పేరుండే మనిషి కదన్నా."

"బండి నాది. డీజిలు నాది. కసాపురం గుడికి పోయి పూజ చేయిచ్చుకొచ్చింది నేను. పేరు ఇంగొగరిదా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. అక్కడ నేను గమ్మునుంటే సరిపోయేది. ఎక్కడుంటాను? ఒళ్ళు మండింది.

"సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే! నీ బండి గెలుస్తాందా రంగప్పన్నా? ఆ మనిషిని దించి చూడు, నీ బండి గీత కూడా దాటదు!"

ఆ మాట అన్నది నేనొక్కణ్ణే కాదు. నాలుగు హారన్లూ అన్నాయి. మైకు ఆపడం మరిచిపోయాను! చేను చేనంతా ఒక్కసారి "హో!" అని నవ్వింది. ముప్పై ఏళ్ళ అనుభవం, ఏం లాభం, తగలెయ్యడానికా? రంగప్ప మొహం నల్లబడింది. చెడ్డవాడు కాదండీ రంగప్ప. ఎల్లప్ప భార్య నాగేంద్రమ్మకు ఆపరేషన్ అయితే అనంతపురానికి తన కారులో తీసుకుపోయి రెండు రోజులు అక్కడే ఉన్నాడు. కానీ వెయ్యిమంది నవ్వాక ఏ మనిషైనా వెనక్కి తగ్గుతాడా?

"దించే చూస్తా" అన్నాడు. "ఎల్లప్పా, దిగు. కిరణ్, ఎక్కు."

కిరణ్ ఆయన కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. ట్రాక్టరు తోలగలడు, ముందుకు. ఎల్లప్ప దిగి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు అన్నను అట్ల మాట్లాడకూడదు సారూ. నలుగుట్లో."

"నీ కోసమే కదప్పా!"

"నేనడిగితినా?"

పుండు మీద కారం చల్లినట్టయింది. నిజమే, ఆయన అడగలేదు. అడిగింది రోజా. దూరంగా ఇద్దరు స్నేహితురాళ్ళ నడుమ నిలబడి ఉంది. నా నోటిదూల వల్ల ఇప్పుడు మైకులో పేరు కాదు గదా, పోటీలో మనిషే లేడు. పరుగున కమిటీ ప్రెసిడెంటు హనుమప్ప దగ్గరికి పోయాను.

"హనుమప్పన్నా, ఇంకొక బండి రాసుకో."

"ఎవురిది?"

"నాది."

"నీ బండి మైకుకు కదప్పా! దాన్ని తోలితే మైకు యాడ మోగుతాది?"

"మోగకపోతే పీడా పోయె! రాసుకో!"

"యజమాని పేరు నీదే కదా?"

"యజమాని పేరు ఎల్లప్ప. నా బండి, ఈ పొద్దుకు ఆయనకిచ్చినా. ఎవరేమంటారో అననీ."

హనుమప్ప నన్ను ఎగాదిగా చూసి, తల కొట్టుకుంటూ రాశాడు.

ఇక ఎల్లప్పను ఒప్పించాలి. ఒప్పుకోడే! "అన్న ఇంట్లో తిన్నోన్ని సారూ, అన్న బండి మీదికి పోటీకి పోతానా" అంటాడు. పరువు, విశ్వాసం, అన్నీ చెప్పాడు. ఈలోగా పిల్లలు ముగ్గురూ మా పక్కకే వచ్చారు. రోజా స్నేహితురాలు ఒకతె, బాధపెట్టాలని కాదు, ఊరికే అడిగింది. "మీ నాయన బండి ఏదే? ఎవురో అన్న తోలుతాండాడు?"

రోజా తల వంచుకుంది. ఎల్లప్ప కూతురి మొహం చూశాడు. ఏం జరిగిందో మొత్తం తెలిసిందో లేదో గానీ, తెలియాల్సినంత తెలిసింది. నా వైపు తిరిగాడు.

"గోనెపట్ట ఒగటి ఇయ్యి సారూ."

"ఎందుకు?"

"నీ బండి పిన్ను అరిగిపోయి ఊరికే లొడలొడమంటాది. చుట్టల్ల."

ఆహా! నా కాళ్ళు నేల మీద ఆనలేదు. జనరేటరు ఊడబీకాను. మైకు గుర్రుమని ఆగిపోయింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి పోటీ నాడు నా నోరు మూతపడింది. ఎల్లప్ప బండి కింద దూరి, గోనెపట్ట చీల్చి, తడిపి పిన్నుకు చుట్టి, చేత్తో ఊపి చూశాడు. ఇంకోసారి చుట్టాడు. టైర్లలో గాలి తట్టి చూశాడు. అంతే, ప్రాక్టీసు లేదు, ఏమీ లేదు.

బుక్కపట్నం బండి ఒక నిమిషం ఇరవై రెండు సెకన్లలో పోయింది, ఒక్క జెండా పడలేదు. జనం ఈలలు! తర్వాత కిరణ్. పాపం, కుర్రవాడు నేరుగా ఉన్నంతవరకూ బాగానే పోయాడు. మలుపులో ట్రాలీ ఎదురుతిరిగింది. ముందుకు లాగి మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. చివరికి గూట్లో దూరేసరికి మూడు జెండాలు పడ్డాయి. రంగప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు సంతోషం కలగలేదు, అది కూడా చెప్పాలి.

చివర నా బండి.

హనుమప్ప తువ్వాలు దించాడు. ఎల్లప్ప వదిలాడు! నా బండి అంత వేగంగా వెనక్కి పోతుందని దాన్ని కొన్న నాకే తెలియదు! ఎడమ చెయ్యి మడ్‌గార్డు మీద, గడ్డం భుజం మీద, కళ్ళు సగం మూసుకుని వింటున్నాడు. మైకు మోత లేదు కదా, మొదటిసారి జనానికి కూడా ఇంజను తప్ప ఇంకేమీ వినపడలేదు. తొమ్మిదేళ్ళుగా ఆయన చెవికి అడ్డం పడి అరిచింది నేనే అని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది. అయినా ఆగగలనా? సున్నపు గీత వెంట పరిగెత్తుతూ ఉత్త గొంతుతో అరిచాను.

"ఎల్లప్పా! పోనీ ఎల్లప్పా!"

మైకు లేని నా గొంతు పదిమందికి వినబడింది. పక్కనున్న ముసలాయన అడిగాడు, "ఎవురప్పా ఆయప్ప?"

"ఎల్లప్ప!"

"ఎవురంట?" అని ఆయన వెనకవాడు. "ఎల్లప్పంట!" "ఎవురూ?" "ఎల్లప్పంటప్పా, కనగానపల్లి పక్క!" అలా వరస నుంచి వరసకు పాకింది. మలుపు వచ్చింది. ట్రాలీ ఊగింది. ఎల్లప్ప స్టీరింగును రవ్వంత, ఇంతే ఇంత, వదిలి పట్టుకున్నాడు. అబ్బ! ట్రాలీ పాము పుట్టలోకి పోయినట్టు మలుపులోకి జారిపోయింది. అప్పటికి చేనంతా ఒకటే పేరు. "ఎల్లప్పా! ఎల్లప్పా!" ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఐస్ అమ్మేవాడు, అందరూ! గూటి దగ్గర ట్రాలీ వెనక చక్రం చివరి జెండాను ఒరుసుకుంది. జెండా ఒరిగింది. జనం నోళ్ళు ఆగిపోయాయి. ఒరిగింది, ఒరిగింది, ఒరిగినది అక్కడే నిలబడింది. పడలేదు!

ఒక నిమిషం ఇరవై ఒక్క సెకన్లు!

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగా చెప్పలేను. నేను హనుమప్పను ఎత్తుకుని తిప్పానట. ఆయన తొంభై కిలోలు. ఎల్లప్పను జనం బండి మీది నుంచి దిగనివ్వలేదు. ఎలాగో బండిని వెనక్కి తెచ్చి, జనరేటరు తగిలించి, ఇంజను మళ్ళీ తిప్పాం. మైకు కుయ్యిమని లేచింది.

"ఫస్ట్ ప్రైజు" అన్నాను. "బండి యజమాని, డ్రైవరు, రెండూ ఆయనే. ఎల్లప్ప!"

ఈలలు, చప్పట్లు. ఎల్లప్ప వచ్చి షీల్డు తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. కానీ మైకు నా చేతిలో ఉంది, నా తప్పు ఇంకా తీరలేదు.

"ఆగండప్పా! తొమ్మిదేండ్లు నేను తప్పు చదివినా. ఇప్పుడు సరిగ్గా చదువుతా, వినండి. రెండు వేల పదిహేను, హిందూపురం, ఫస్ట్, ఎల్లప్ప! పదహారు, ధర్మవరం, ఫస్ట్, ఎల్లప్ప! పదిహేడు, బుక్కపట్నం, ఫస్ట్, ఎల్లప్ప!"

ఒక్కొక్క ఊరూ చెబుతుంటే ఆ ఊరివాళ్ళు అరుస్తున్నారు. కరోనా రెండేళ్ళు పోటీలు లేవు, అవి దాటేశాను. పెనుకొండ, కనగానపల్లి, మళ్ళీ హిందూపురం. అప్పుడు చూశాను, జనాన్ని తోసుకుంటూ రంగప్ప నా వైపే వస్తున్నాడు. జనం పక్కకు జరిగారు. ఎల్లప్ప షీల్డు కిందికి దించాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే పడాల్సిందే అనుకున్నాను, కానీ చదవడం ఆపలేదు. చివరిది చెప్పి, "అంతే" అన్నాను.

"అంతే ఎట్లవుతాదప్పా?" అన్నాడు రంగప్ప. చెయ్యి చాచి మైకు లాక్కున్నాడు.

"కొత్తచెరువు మర్సిపోయినాడు మీ మైకు శేఖర్. ఇరవై రెండులో. వాన. బండి బురదలో దిగబడె. ఇంగ రాదులే ఎల్లప్పా, దిగు, అంటి నేను. దిగలే." ఆయన ఎల్లప్ప వైపు తిరిగాడు. "కొత్తచెరువు, ఫస్ట్, ఎల్లప్ప."

పక్కనున్న స్నేహితురాలు ఏదో అనబోయింది. రోజా వినలేదు. జనం సందుల్లోంచి దూరి, చెప్పులు ఒకటి అక్కడ ఒకటి ఇక్కడ వదిలేసి, నాయన దగ్గరికి పరిగెత్తింది.